కాగితం మీద పిల్లలు

బడి వరండా,
జూన్ 28

వదినా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఇక్కడ సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. అంత కష్టపడి ఎక్కి ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్లో పెట్టి, నువ్వు చెప్పాల్సిన జవాబులన్నీ తనే చెప్పేస్తాడు. దానికన్నా ఇదే నయం.

నువ్వు ఒకప్పుడు ఆరేళ్ళు పనిచేసిన బడికే నేను హెడ్మిస్ట్రెస్‌గా వచ్చి ఆరు నెలలైంది. హోదా పేరు విని మురిసిపోకు. హెడ్డూ నేనే, టీచరూ నేనే, గుమస్తా కూడా నేనే. రెండో టీచరు పోస్టు ఏడాదిగా ఖాళీ. ఒక గదిలో మూడు తరగతులు, ఇంకో గదిలో రెండు. నేను మధ్య గుమ్మంలో నిలబడి అటు ఒక ఎక్కం, ఇటు ఒక పద్యం అప్పగించుకుంటాను. సాయంత్రానికి కాళ్ళు నావో గుమ్మానివో తెలియడం లేదు. వచ్చిన నెలలోనే బదిలీకి అర్జీ పెట్టాను. రోజూ పోస్టు సైకిలు బెల్లు వినపడగానే లేచి నిలబడతాను. పిల్లలు కూడా నేర్చుకున్నారు, బెల్లు మోగితే నాకంటే ముందు వాళ్ళే లేస్తున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న ఆఫీసు నుంచి రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది: మీ బడికి అరవై ఏళ్ళు నిండుతున్నాయి, బడి చరిత్ర, పనిచేసిన సిబ్బంది వివరాలతో పది పేజీలకు తగ్గకుండా రాసి పంపండి. రెండోది: సెప్టెంబరు ఆఖరుకి ఇరవైమంది పిల్లలు లేని బళ్ళను పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తాం. పుట్టినరోజు పండగ చేసి మరీ గొంతు నొక్కుతారన్నమాట. నా దగ్గర ఉన్నది పదిహేడుమంది.

చరిత్ర కోసం పాత బీరువా తెరిచాను. హాజరు పట్టీలు సగం చెదలు తినేశాయి. మిగిలిన వాటిలో నీ రాత చూడగానే గుర్తుపట్టాను. నాకు అక్షరాలు దిద్దించిన చేయి కదా. ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఏడుగురు పిల్లలు నాలుగేళ్ళపాటు వరసగా హాజరై, ఏటా పాసై, ఒక్క రోజుతో అందరూ కలిసి మాయమయ్యారు. ఒక్కరికీ టీసీ ఇచ్చినట్టు లేదు. ఎక్కడికి పోయారు వాళ్ళు? ఊరు వదిలి వెళ్ళిన కుటుంబాలా? పూర్వ విద్యార్థుల్ని పిలుద్దామని జాబితా రాస్తున్నాను.

నీకు గుర్తున్నదంతా రాయి. మరీ ముఖ్యంగా నీ కాలపు హెడ్మాస్టరు, అదే పెద్ద మాస్టారి గురించి. ఇక్కడెవర్ని అడిగినా గొంతు సవరించుకుని మాట మారుస్తున్నారు.

నీ ఆడపడుచు,
చిట్టి

—

ఇల్లు,
జూలై 14

చిట్టీ,

ఉత్తరం అందింది. మీ అన్నయ్య కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "మన చిట్టికి బుర్ర తిరిగిందా, ఫోన్ లేదా?" అన్నాడు. చదివి వినిపించమన్నాడు. బదిలీ గురించి రాసిన ముక్క చదివి, మిగతాదంతా ఆడవాళ్ళ కబుర్లన్నాను.

మా రోజుల్లో బడికి రెండు గదులు కూడా లేవు. మొదట్లో ఎవరో ధాన్యం కొట్టు ఖాళీ చేసిస్తే అందులో మొదలైందట. నేను చేరేసరికి ఇప్పుడున్న మొదటి గది, దాని ముందు రేకుల వసారా ఉండేవి. వాన పడితే రేకుల మీద చప్పుడికి పాఠం వినపడేది కాదు. అలాంటి రోజుల్లో అందరిచేతా చూచిరాత రాయించేవాళ్ళం. అందుకే ఆ ఊరి ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళ దస్తూరీ అంత బాగుంటుంది, వానలు పుణ్యం కట్టుకున్నాయి. ఇది నీ చరిత్రలో రాయి.

నాకు ముందు ఒక కుట్టు టీచరు ఉండేదట. ఆవిడ పిల్లలచేత జేబురుమాళ్ళు కుట్టించి, చీమిడి ముక్కులన్నిటికీ తలా ఒకటి పంచిందని చెప్పుకునేవాళ్ళు. ఆమెకన్నా ముందు ఒకాయన, లెక్కలు తప్పితే కొట్టకుండా తనే గుంజీలు తీసేవాడట. పిల్లలు ఆయన మీద జాలితో లెక్కలు నేర్చుకున్నారు. ఆయమ్మ ఇంకా ఉందా? నేనున్నప్పుడే చేరింది, పదహారేళ్ళ పిల్ల. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని కిటికీ బయట నిలబడి పాఠాలు వినేది. దాన్నీ రాయి. సిబ్బంది అంటే మాస్టర్లే కాదు.

పెద్ద మాస్టారు మంచివారు.

ఆ పట్టీలు చెదలు పట్టాయన్నావు, వాటిని ముట్టుకుంటే చేతులు దురద పెడతాయి. కాల్చి పారేయి. వేళకి తిను. గుమ్మంలో నిలబడి చెప్పకు, బల్ల లాక్కుని కూర్చో.

వదిన

—

బడి,
ఆగస్టు 9

వదినా,

నీ ఉత్తరం ఆయమ్మకి చదివి వినిపించాను. కిటికీ దగ్గర నిలబడి వినేదని రాసిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్ద మాస్టారి పేరెత్తగానే చీపురు తీసుకుని లేచిపోయింది. వెంటపడి అడిగితే, "మీ వదినగారు ఉన్నారుగా మేడమ్, ఆవిణ్ణే అడగండి" అంది.

నిన్నే అడుగుతున్నాను. ఆరేళ్ళు పక్క పక్క బల్లల మీద కూర్చుని పనిచేసిన మనిషికి రెండు మాటలేనా? ఎన్నడూ చూడని కుట్టు టీచరుకి అన్ని వాక్యాలు రాశావు. ఏడుగురు పిల్లల గురించి అడిగితే కాల్చి పారేయమన్నావు. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు వదినా. చిన్నప్పుడు నా పిల్లిపిల్లని అన్నయ్య ఎవరికో ఇచ్చేసినప్పుడు కూడా నువ్వు ఇలాగే వేళకి తినమన్నావు.

నేనే ఆఫీసుకి వెళ్ళి పాత ఫైలు చూశాను. ఒక్క పేజీ ఉంది. "లేని పిల్లల పేర్లు హాజరు పట్టీలో నమోదు చేసినందుకు ప్రధానోపాధ్యాయుణ్ణి ఉద్యోగం నుంచి తొలగించడమైనది." అంతే. ఉన్నదున్నట్టు ఆ వాక్యాన్నే నా చరిత్రలో రాయబోతున్నాను. ఆరో పేజీలో వస్తుంది.

రాయబోతున్నాను అని గొప్పగా అంటున్నాను కానీ, నా సంగతీ విను. మొన్న ఊరి పెద్ద, అదే మన కిరాణా కొట్టాయన, బడికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మూడు పేర్లేగా మేడమ్ తక్కువ. మా చెల్లెలి పిల్లలు ముగ్గురు పట్నంలో చదువుతున్నారు. వాళ్ళని ఇక్కడ రాసేయండి. ఎవరు చూడొచ్చారు? బడి నిలబడుతుంది" అన్నాడు. నేను వద్దనలేదు, అవుననలేదు. ఆయన వెళ్ళాక ఆ మూడు పేర్లూ పట్టీ చివర పెన్సిల్‌తో రాశాను. పెన్నుతో కాదు. అప్పట్నుంచి స్థిమితం లేదు. పాఠం చెప్తూ చెప్తూ వెళ్ళి పట్టీ తెరిచి చూసుకుంటున్నాను. చెరపబోతాను, బడి గుర్తొస్తుంది. పెన్ను తీయబోతాను, ఆ ఫైలు గుర్తొస్తుంది. నిన్న మూడో తరగతి పిల్ల, "టీచర్, మీరు ఏం పోగొట్టుకున్నారు? మేము వెతుకుతాం" అంది.

ఇంకా బదిలీ రాలేదు.

చిట్టి

—

లైబ్రరీ,
ఆగస్టు 17

చిట్టీ,

ఆ వాక్యం రాయకు. పెన్సిల్ పేర్లు ఇప్పుడే చెరిపేయి. చెరిపాకే కింది ముక్క చదువు.

ఇంట్లో రాయలేక లైబ్రరీకి వచ్చాను. నా ఎదురుగా ఒకాయన పేపరు ముందు పెట్టుకుని కునుకుతున్నాడు. ఆయన లేచేలోపు రాసేయాలి. లేకపోతే మళ్ళీ ముప్ఫై ఏళ్ళు పడుతుంది.

ఆ ఏడుగురూ లేరు. ఎప్పుడూ లేరు. వాళ్ళని నేనే పుట్టించాను.

నేను చేరిన రెండో ఏడు వానల్లేవు. జనం ఇళ్ళకి తాళాలు వేసుకుని పనుల కోసం పోయారు. బళ్ళో పదముగ్గురు మిగిలారు. అప్పుడూ ఇరవై లేకపోతే మూసేస్తామనేవాళ్ళు. నేనొక రోజు ఎవరికీ చెప్పకుండా రెండు పేర్లు రాసేశాను. వారం తర్వాత పెద్ద మాస్టారు పట్టీ చూసి, "ఈ అమ్మాయి ఏ బెంచీలో కూర్చుంటుంది టీచర్?" అనడిగారు. ఆయన పట్టీ మూసి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, "ఇద్దరు చాలరు, ఏడుగురు కావాలి" అన్నారు.

అలా నాలుగేళ్ళు. పేర్లు నేనే పెట్టాను. ఇద్దరు అన్నదమ్ములు, ఒక కవల జంట, ఇద్దరు అల్లరి పిల్లలు, ఒక బక్కపిల్ల. బక్కపిల్లకి మాటిమాటికీ జ్వరం తెప్పించేదాన్ని, రోజూ అందరూ హాజరైతే అనుమానం వస్తుందని. సెలవు చీటీలు ఎడమచేత్తో రాసేదాన్ని. ఒకసారి మాస్టారు మార్కులు చూసి, "లేని పిల్లకి లెక్కల్లో తొంభై ఎందుకమ్మా?" అన్నారు. "తెలివైన పిల్లండీ" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వాం చిట్టీ. అది తప్పని మాకెప్పుడూ అనిపించలేదు. బడి నడిచింది. ఆ పదముగ్గురూ చదువుకున్నారు.

తనిఖీ అంటే ముందే కబురొచ్చేది. పొరుగూరి పిల్లల్ని ఏడుగుర్ని తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. నాలుగో ఏడు ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చాడు. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. పట్టీ తెరిచి, "ఈ రాత ఎవరిది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. మాస్టారే ముందు అన్నారు. "నేనిచ్చిన పేర్లు ఆవిడ ఎత్తి రాసింది. వాళ్ళు లేరని ఆవిడకి తెలీదు." ఇన్‌స్పెక్టరు నమ్మలేదు, రోజూ పేర్లు పిలిచే మనిషికి తెలియకపోవడమేమిటి? కానీ ఒప్పుకున్నవాడు ఒకడు దొరికాక ఇంకొకర్ని పట్టుకునే ఓపిక ఆయనకి లేదు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. మాస్టారు నా వైపు తిరిగి, "టీచర్, పిల్లలు ఎండలో మాడిపోతున్నారు, లోపలికి పిలవండి" అన్నారు. నేను బయటికి వెళ్ళి పిల్లల్ని పిలిచాను. అదీ నేను చేసింది. పిల్లల్ని లోపలికి పిలిచాను.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెప్పాను. పెద్దమ్మాయి అప్పుడు కడుపులో ఉంది. "నోరు విప్పావంటే మీ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆయనెలాగూ రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఊరుకో" అన్నాడు. ఎవరెవర్నో పట్టుకుని నెలన్నరలో నాకు బదిలీ చేయించాడు. మీ అన్నయ్యని తప్పుపట్టకు. అలా ఎవరైనా చెప్తే బావుండునని నేను కాచుకుని కూర్చున్నాను.

మాస్టారికి ఒక్క ఉత్తరం రాయలేదు. ఉన్నారో లేదో కూడా తెలియదు. కనుక్కునే ధైర్యం లేదు.

పేపరాయన లేచాడు.

వదిన

—

బడి,
సెప్టెంబరు 6

వదినా,

చెరిపాను. నీ ఉత్తరం మొదటి రెండు ముక్కలు చదివి చెరిపి, తర్వాత మిగతాది చదివాను. చదివాక మూడు రోజులు నీ మీద, అన్నయ్య మీద కోపంతో ఏం చేయాలో తెలియక బీరువా అంతా కడిగాను. ఆ ఏడు నువ్వు ఇంటికొచ్చి వారం రోజులు గోడ వైపు తిరిగి పడుకోవడం నాకు గుర్తుంది. మేమంతా వేవిళ్ళనుకున్నాం. నీకోసమని నేను పుల్లటి నిమ్మకాయలు తెచ్చి దిండు పక్కన పెట్టేదాన్ని.

నాలుగో రోజు ఆయమ్మని కూర్చోబెట్టి, నాకంతా తెలిసిందన్నాను. అప్పుడు చెప్పింది. మాస్టారు ఉన్నారట. ఇక్కణ్ణుంచి రెండు గంటల బస్సు దూరంలో కూతురి దగ్గర. కూతురు టైలరింగ్ షాపు నడుపుతోంది. మొన్న ఆదివారం వెళ్ళాను.

ముందు షాపు, వెనక ఒక గది. ఆయనకి ఎనభై అయిదు దాటాయి. చూపు బాగా మందగించింది, చెవులు మాత్రం పాములకుంటాయంటారే, అలాంటివి. నేను బడి పేరు చెప్పగానే, "రేకులు మార్చారా?" అని అడిగారు. శ్లాబు వేశారన్నాను. "అయితే వానాకాలం చూచిరాత లేదన్నమాట" అన్నారు. నీ గురించి నేను ఎత్తలేదు. కూతురు మిషను మీద వంగి కుడుతూనే, "బడి చరిత్రలో మా నాన్న గురించి ఏం రాస్తున్నారు?" అంది. ఇంకా ఏమీ రాయలేదన్నాను. "రాయకండి. మా నాన్న పేరు మూలంగా నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చేరలేకపోయాను. సీటొచ్చింది. దొంగ పట్టీ మాస్టారి కూతురా అని అక్కడ క్లర్కు అడిగాడు. వెనక్కి వచ్చేశాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు మళ్ళీ పుస్తకంలో అచ్చువేస్తారా?" అంది.

ఆగలేకపోయాను వదినా. నేను నీ ఆడపడుచునని చెప్పేశాను. నువ్వు రాసిందీ చెప్పాను. మిషను ఆగిపోయింది. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన మోకాళ్ళు రుద్దుకున్నారు.

ఇప్పుడాయన అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తాను. మెత్తగా చేసి రాయడం నాకు చేతకాదు. "పట్టీ సంగతి నాకేం బాధ లేదమ్మా. ఇద్దరం చేశాం. ఇద్దర్నీ తీసేస్తే ఆ రోజే బడికి తాళం పడేది. ఒకరైనా ఉండాలని నేను ఒప్పుకున్నాను. ఆవిణ్ణి కాపాడ్డానికి కాదు. ఆవిడ నెలన్నరకే వెళ్ళిపోయింది. ఏడు నెలలు ఆ పిల్లలకి టీచరు లేడు. అదీ నాకు మింగుడుపడనిది."

ఆయమ్మని అడిగాను. నిజమే. నువ్వు వెళ్ళాక ఏడు నెలలు బడి తాళం తీయలేదు. పదముగ్గురిలో అయిదుగురు మళ్ళీ రాలేదు. ఆయమ్మ తనకొచ్చిన అక్షరాలు వసారాలో నలుగురికి నేర్పిందట. కిటికీ బయట నిలబడి నేర్చుకున్నవి.

నా బదిలీ అర్జీ నకలు బల్ల సొరుగులో ఉంది. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

చిట్టి

—

ఇల్లు,
సెప్టెంబరు 24

చిట్టీ,

ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. మీ అన్నయ్య ఎదురుగానే ఉన్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయనకి మొత్తం చదివి వినిపించాను, ఆడవాళ్ళ కబుర్లనకుండా. ఏడు నెలల దగ్గర ఆపమన్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. వచ్చి, "మనకి తెలీదుగా" అన్నాడు. "తెలుసుకోలేదు" అన్నాను. నేను నోరు విప్పలేదనే ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. వెళ్ళిపోవడం నాకు తప్పుగానే తోచలేదు చూశావా. నేను వెళ్తే ఇంకొకరు వస్తారనుకున్నాను. పట్టీలో పేర్లు పుట్టించినట్టే ఒక టీచర్ని కూడా మనసులో పుట్టించి, అక్కడ కూర్చోబెట్టి వచ్చేశాను.

మొన్న శుక్రవారం వెళ్ళాం. ఇద్దరం. మీ అన్నయ్య షాపు ముందు దాకా వచ్చి, చెప్పుల వంకతో బయటే నిలబడిపోయాడు.

మాస్టారు నా అడుగుల చప్పుడు విని, "టీచరా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత. కాళ్ళకి దండం పెట్టబోయాను. "వంగకండి, మళ్ళీ లేవడానికి ఇద్దరికీ వయసు చాలదు" అన్నారు. ఏడ్వడానికి వెళ్ళినదాన్ని నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. పర్వాలేదని అనలేదు. ఆ అయిదుగురి పేర్లూ ఒక్కొక్కటే చెప్పారు. ఒకడు లారీ ఎక్కి ఎటో వెళ్ళిపోయాడట. ఒక అమ్మాయి పక్క వీధిలోనే ఉంటుందట, వచ్చి మాస్టారి కూతురిచేత కరెంటు బిల్లు చదివించుకుంటుందట. ఆయన ఆ అయిదుగుర్నీ వదలలేదు చిట్టీ. నేను లేనివాళ్ళకి పేర్లు పెట్టాను. ఉన్నవాళ్ళ పేర్లు మర్చిపోయాను.

కూతురు అంతా విని, "మాటలు నాకొద్దు. కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అంది. బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి ఇచ్చింది. మిషను బల్ల మీద పెట్టుకుని రాశాను. మొదటి రెండు పేర్లు నేనే రాశానని, మిగతావి ఇద్దరం కలిసి అనుకుని రాశామని, ఆయన తన ఒక్కడి మీదే వేసుకున్నారని, నేను ఊరుకున్నానని, తర్వాత వెళ్ళిపోయానని. సంతకం పెట్టబోతుంటే గుమ్మంలోంచి మీ అన్నయ్య గొంతు వినిపించింది. "ఊరుకోమని చెప్పింది నేను. బదిలీ చేయించింది నేను. అదీ రాయి." ఎప్పుడు లోపలికి వచ్చాడో తెలియదు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అదీ రాశాను. ఆయన కింద సంతకం పెట్టాడు.

కూతురు రెండుసార్లు చదివింది. మంచినీళ్ళు ఇచ్చింది, ముందు మీ అన్నయ్యకి.

కాగితం ఆమె దగ్గరే ఉంది. అది నీ చరిత్రలో ఆరో పేజీ కావాలని నా కోరిక. ఆమె ఒప్పుకుంటేనే. అరవయ్యేళ్ళ సభలో నేనే నిలబడి చదువుతాను.

పిల్లల సంఖ్య పంపాల్సిన రోజు దగ్గరపడింది కదా. ఏం చేశావు?

వదిన

—

బడి,
నవంబరు 22

వదినా,

నిన్న సభ నడుస్తుండగానే నువ్వూ అన్నయ్యా నాలుగింటి బస్సుకి పరుగెత్తారు. ఆ తర్వాత జరిగింది నీకు చెప్పాలి. సభ పనుల్లో పడి చెప్పకుండా దాచిన రెండు సంగతులు కూడా ఉన్నాయి.

మొదట పిల్లల సంఖ్య. గడువుకి వారం ముందు రాళ్ళ క్వారీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ పనిచేసేవాళ్ళ గుడిసెలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, తొమ్మిదేళ్ళది, ఆరేళ్ళది. పలక ముట్టుకోలేదు. తల్లి అంతా విని ఒకటే అడిగింది. "లారీలు తిరుగుతుంటాయి కదమ్మా, రోడ్డు దాటించేది ఎవరు?" నేనే అన్నాను. నోరు జారి అన్నానో, ఆలోచించి అన్నానో నాకే తెలియదు. అప్పట్నుంచి రోజూ ఎనిమిదింటికి వెళ్ళి చెరొక చేయీ పట్టుకుని తెస్తున్నాను. నువ్వు నిన్న జడలు సరిచేసింది వాళ్ళకే. వాళ్ళతో కలిపి పందొమ్మిది. ఇరవయ్యోది ఎంత తిరిగినా దొరకలేదు. కిరాణా కొట్టాయన, "ఒక్కటి తక్కువైతే ఒక్కటి రాసుకోరా మేడమ్? మీదెక్కడి పట్టుదల?" అన్నాడు. పందొమ్మిది అనే రాసి పంపాను. రాశాక భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు. చరిత్ర కూడా పంపాను, నీ కాగితం నకలుతో సహా. ఆ నకలు మాస్టారి కూతురే తీయించి, షాపు కవర్లో పెట్టి పంపింది. లోపల ఇంకే చీటీ లేదు.

అక్టోబరులో ఒక పొద్దున, చెప్పకుండా, అధికారి వచ్చాడు. కుర్రాడే, నాకంటే చిన్న. తలలు లెక్కపెట్టాడు. పట్టీ చూశాడు. మళ్ళీ తలలు లెక్కపెట్టాడు. "ఈ నెల పద్నాలుగు బళ్ళు చూశానమ్మా. కాగితం మీద పిల్లలూ, బెంచీల మీద పిల్లలూ సరిపోయింది ఇక్కడొక్కచోటే" అన్నాడు. నవ్వుతున్నాడో తిడుతున్నాడో అర్థం కాలేదు. మొన్న ఉత్తర్వు వచ్చింది. ఒక ఏడాది గడువు. వచ్చే సెప్టెంబరుకి ఇరవై లేకపోతే కలిపేస్తారు. ఆరో పేజీ గురించి మాత్రం "అనవసర విషయాలు తొలగించి మళ్ళీ పంపవలెను" అని రాశారు. నేను తొలగించను. పంపను కూడా. అది బడి బీరువాలోనే ఉంటుంది, చెదలు తుడుస్తాను.

రెండోది, నా బదిలీ వచ్చింది. సభకి మూడు వారాల ముందు. నేను కోరుకున్న ఊరే, బస్సు స్టాండుకి పక్కనే బడి, ఆరుగురు టీచర్లు. కాగితం చేతిలో పట్టుకుని వరండాలో ఎంతసేపు అటూ ఇటూ తిరిగానో. వెళ్ళాలని లేదని అబద్ధం ఎందుకు చెప్పడం, ఉంది. "నా స్థానంలో మనిషి వచ్చి చేరి, పిల్లల్ని ఒప్పజెప్పుకున్న రోజున బయల్దేరుతాను, అప్పటిదాకా ఆపండి" అని రాసి పంపాను. సరేనన్నారు. వచ్చేవాళ్ళు మాత్రం ఇంకా కనపడలేదు. బహుశా ఈ గుమ్మంలోనే ముసలిదాన్నవుతానేమో, తెలియదు.

ఇప్పుడు నిన్నటి సంగతి. నువ్వు చదువుతున్నంతసేపూ ఊరంతా తలలు వంచుకుని కూర్చుంది, అది నువ్వూ చూశావు. మీరు వెళ్ళాక ట్రాక్టరాయన లేచి, వరండాలో కూర్చున్న మాస్టారి వైపు తిరిగాడు. ఆ పదముగ్గురిలో ఒకడతను. "ఆ రోజు ఎండలో నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నా. ఇన్‌స్పెక్టరు మమ్మల్నీ అడిగాడు, ఈ ఏడుగురూ మీతో చదువుతున్నారా అని. మా నాన్న వెనకనుంచి గిల్లాడు. తెలీదన్నా. ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు మాస్టారూ. ఒక్కళ్ళమూ మీ వెంట ఆఫీసుకి రాలేదు" అన్నాడు. ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. కిరాణా కొట్టాయన కుర్చీలో కదిలాడు.

మాస్టారు లేచారు. ఉపన్యాసం ఇస్తారనుకున్నాం. "చాలా పొద్దుపోయింది, పిల్లలకి ఆకలేస్తుంటుంది, పంపించేయండి" అన్నారు. ఆయమ్మ వచ్చి చేయి పట్టుకుని మెట్లు దింపబోతే, "నువ్వు కదూ ఆ ఏడు నెలలూ వసారాలో చెప్పింది?" అన్నారు. "నాకేం వచ్చండీ చెప్పడానికి" అంది ఆయమ్మ. "ఉన్నావుగా" అన్నారు. ఆయమ్మ ఆయన చేయి వదిలి, గోడ చాటుకి వెళ్ళి, ఎంతకీ రాలేదు.

కూతురు మధ్యాహ్నం నుంచీ వెనక వరసలో ఒక్కతే కూర్చుంది. నీ వైపు చూడలేదని నువ్వు బాధపడ్డావు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనే పలకరించాను. "గౌన్లు కావాలంటే కొలతలు పంపండి, ఆ క్వారీ పిల్లలకి" అంది. అంతకుమించి ఏమీ మాట్లాడదనుకున్నాను. ఈలోగా మాస్టారు, "టీచర్ని నాకు ఉత్తరాలు రాయమను. మిషను చప్పుడు తప్ప నాకు వేరే కాలక్షేపం లేదు" అన్నారు. ఆయనకి కళ్ళు కనపడవు, చదివి వినిపించాల్సింది ఆమే కదా. ఆమె మొహం వైపు చూశాను. ఆమె దూరంగా, బస్సు వచ్చే వైపు చూస్తోంది.

బస్సొచ్చింది. తండ్రిని ఎక్కించి, తనూ ఒక మెట్టెక్కి, మళ్ళీ దిగింది. సంచీలోంచి కొలతల పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, బస్సు పక్కకి ఆనించి గబగబా రాసింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నా చేతిలో పెట్టి, "షాపు డోర్ నంబరు వేరు, ఇంటి నంబరు వేరు. ఇంటిదే రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయమనండి. నాకూ చత్వారం వచ్చింది" అని ఎక్కేసింది.

ఆ కాగితమే ఇందులో పెడుతున్నాను.

చిట్టి